పిడి మారుతున్న కత్తి



ఇవాళ నేను మాట్లాడబోయేది కత్తి పిడి గురించి. అంచు గురించో, పదును గురించో చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. పిడిని మాత్రం ఎవరూ పట్టించుకోరు, అది ఊడి చేతికొచ్చేదాకా.

జహీరాబాద్ చుట్టుపక్కల కత్తి లేకుండా సాగే పని తక్కువ. ఒకవైపు కొత్తూరు చక్కెర కర్మాగారాన్ని నమ్ముకొని పెరిగిన చెరుకు తోటలు, ఇంకోవైపు ఎర్రనేలల్లో జొన్న, కంది, సజ్జ, కొర్ర. చెరుకు నరకడానికి ముందుకు వంగిన బరువైన కత్తి కావాలి. సరిహద్దు అవతలి మరాఠీ కూలీలు దాన్ని కొయ్తా అంటారు. కంకి కోతకు తేలికపాటి కొడవలి చాలు. ఇంట్లో కత్తిపీట, మటన్ దుకాణంలో ఛురీ, ఎముకలు కొట్టే బుగ్దా, ఈత చెట్టెక్కే గౌడన్న నడుముకు గీత కత్తి. వీటిలో ఇనుప భాగం తాతల నాటి రూపంలోనే ఉంది. మారింది పిడి. సంతలో పరిచిన గోనెపట్టా మీద చూడండి. ఒక కొడవలికి పీవీసీ పైపు ముక్క, ఒకదానికి వెల్డింగ్ పెట్టిన ఇనుప గొట్టం, ఇంకోదానికి స్కూటర్ హ్యాండిల్ తొడుగు. వంటింటి చాకులకైతే ఎర్రటి, నీలం రంగు ప్లాస్టిక్ పిడులు, అచ్చులో పోసినవి. కర్ర పిడి వెతుక్కోవాల్సిన వస్తువైంది.

దీన్ని చూసి అయ్యో పాత కళ పోయిందని నేను ఏడవబోవడం లేదు. ఎందుకంటే ఆ కత్తిలో ఇనుము సంగతి మనకు తెలుసు. అది లారీ కమాను పట్టా. ముంబై రోడ్డు మీద లక్షల కిలోమీటర్లు తిరిగిన లారీ కింద విరిగిపోయిన పట్టాను తుక్కు దుకాణంలో కొని, కొలిమిలో కాల్చి, దాగలి మీద సాగదీసి కొడితే అది చెరుకు కత్తవుతుంది. మంచి స్ప్రింగు ఉక్కు, కమ్మరికి ఇంతకన్నా మేలైన సరుకు చవగ్గా దొరకదు. మన సంప్రదాయ కత్తిలో సగం ఎప్పుడో మోటారు యుగంలోకి వచ్చేసింది. దాన్ని ఎవరూ తప్పు పట్టలేదు. అలాంటప్పుడు పిడి ఒక్కటే పాతకాలంలో ఉండిపోవాలనడం న్యాయం కాదు.

అయినా ఉక్కు ఎప్పుడూ ప్రయాణికురాలే. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు అంతదూరం వచ్చి కూర్చునేవారు. హెన్రీ వాయ్సీ అనే ఇంగ్లీషు భూగర్భ శాస్త్రవేత్త ఆ పనిని కళ్ళారా చూసి రాసిన వివరం 1832లో అచ్చయింది. అక్కణ్ణుంచి వెళ్ళింది కత్తులు కాదు, ఉక్కు ముద్దలు. వాటిని కత్తులుగా సాగదీసిన చోట, అక్కడి చేతికి, అక్కడి పనికి, అక్కడ దొరికే కర్రో కొమ్మో చూసి పిడి వేసుకున్నారు. ఉక్కు దూరం నుంచి వచ్చేది, పిడి ఊళ్ళో పుట్టేది. ఇది ఎంతో కాలం నడిచిన ఏర్పాటు. ఇప్పుడు చెడింది ఈ ఏర్పాటే. ఉక్కూ పిడీ రెండూ ఎక్కడినుంచో ఒకదానికొకటి అతుక్కొని వస్తున్నాయి. ఒకటి పోతే రెండోదీ పోయినట్టే.

ఊళ్ళో పిడి ఎలా పుట్టేదో కొంచెం వివరంగా చెప్తాను. కమ్మరి కత్తి కొట్టేటప్పుడు వెనకవైపు సన్నని తోక లాంటిది వదులుతాడు. పిడిలోకి దిగేది అదే. వడ్లాయన దగ్గర తుమ్మ కర్ర ముక్క ఉంటుంది. నాగలికో, బండి చక్రానికో చెక్కగా మిగిలిన ముక్క. దాన్ని బాడిశతో చెక్కి, ఆకురాయితో రుద్ది, బరమాతో సన్నగా రంధ్రం చేస్తాడు. పిడి మూతికి పొన్ను తొడుగుతాడు, రోకలికి వేసే పొన్ను లాంటి చిన్న లోహపు కట్టు. అది లేకపోతే మొదటి దెబ్బకే కర్ర చీలుతుంది. తర్వాత తోకను కాల్చి రంధ్రంలోకి దించుతారు. కర్ర కాలుతూ తోక ఆకారానికి సరిగ్గా చోటిస్తుంది. బయటికి తీసి, లక్కపొడి, ఇటుకపొడి కలిపి నింపి, మళ్ళీ వేడి తోకను దించితే లక్క కరిగి పట్టుకుంటుంది. పిడి విరిగితే? తోకను మళ్ళీ వేడి చేస్తే లక్క వదిలేస్తుంది. కొత్త పిడి ఎక్కించుకోవచ్చు. అతికే పద్ధతిలోనే ఊడదీసే పద్ధతి కూడా ఉందన్నమాట. ఒక కత్తి తన జన్మలో నాలుగైదు పిడులు మార్చేది.

ఈ పనికి డబ్బు చేతులు మారేది కాదు. వడ్లాయనకూ కమ్మరికీ పంటనాడు కల్లం దగ్గర ధాన్యం కొలిచేవారు. ఏడాదంతా నాగళ్ళు, బండ్లు, గొర్రులు చూసుకునేందుకు ఆ ధాన్యం. పిడి అనేది దానిమీద కొసరు. జహీరాబాద్‌లోనే ఇప్పుడు మహీంద్రా ట్రాక్టర్లు తయారవుతున్నాయి. నాగలి పోయింది, బండి పోయింది, వాటితో పాటు కల్లం కొలతా పోయింది. కొసరు పనిని మాత్రమే నమ్ముకొని ఏ వడ్రంగీ బతకలేడు. అతను తలుపులు, మంచాలు చేసుకోవడానికి పట్నం పోయాడు. కర్ర పిడి మాయమవడానికి ప్లాస్టిక్ గొప్పతనం కన్నా ఇదే పెద్ద కారణమని నా అభిప్రాయం. అసలు పని లేనప్పుడు మిగులు ముక్క ఎక్కణ్ణుంచి వస్తుంది?

రాజులకు ఈ బాధ లేదు. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో జహంగీర్, నూర్జహాన్‌ల పేరుతో చూపించే కత్తులు జేడ్ రాతి గదిలో ఉంటాయి. నూర్జహాన్‌ది పండ్లు కోసుకునే చాకు. మామిడిపండు కోయడానికి అంత పనితనమా అని చూసినప్పుడల్లా నవ్వొస్తుంది. ఆ తర్వాతి కాలంలో డబ్బున్న వాళ్ళ పిడి అంటే ఏనుగు దంతం, కణితి కొమ్ము. ఇంగ్లండులో షెఫీల్డ్ కత్తుల కంపెనీలు దంతాన్ని గోదాముల్లో గుట్టలుగా నిల్వ చేసేవి. ఆ దంతానికి బదులుగా పందొమ్మిదో శతాబ్దం చివరికి సెల్యులాయిడ్ వచ్చింది. చూడ్డానికి దంతంలాగే ఉండేది కానీ నిప్పు తగిలితే భగ్గుమనేది. 1907లో బేక్‌లాండ్ అనే రసాయన శాస్త్రవేత్త బేకలైట్ అనే ప్లాస్టిక్ తయారు చేశాడు. ప్రెషర్ కుక్కర్ నల్ల పిడి ఆ వంశానిదే. గుడ్డ పొరలను అదే రకం జిగురుతో అదిమి చేసిన మైకార్టా, గాజు పోగులతో చేసే జీ-10 తర్వాత వచ్చాయి. స్విట్జర్లాండ్ సైనికుల చాకు 1891లో చెక్క పిడితోనే మొదలైంది, ఇప్పుడది ఆకుపచ్చ, నలుపు ప్లాస్టిక్.

చట్టం కూడా ఒక చెయ్యి వేసింది, సరిగ్గానే వేసింది. మన దేశంలో 1986 సవరణతో దేశీ దంతం వ్యాపారం, 1991 సవరణతో దిగుమతి దంతం వ్యాపారం ఆగిపోయాయి. కణితి కొమ్ముల ఎగుమతి 1990ల చివర్లో మూతపడింది. జిట్రేగి, సీసం ఉన్న ప్రజాతి మొత్తాన్ని 2017 జనవరి నుంచి అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ కిందికి తెచ్చారు. 2022లో సీసంతో చేసే చిన్న వస్తువులకు కొంత సడలింపు దొరికింది. దంతం పిడి పోయినందుకు బాధపడే వాళ్ళెవరైనా ఉంటే ఏనుగును అడగమనండి.

ప్లాస్టిక్ పిడి నెగ్గిన చోట నిజంగానే నెగ్గింది. మటన్ దుకాణం తీసుకోండి. నెత్తురు, కొవ్వు, నీళ్ళు రోజంతా తడుపుతూ ఉంటే కర్ర ఉబ్బుతుంది, ఎండితే మేకుల చుట్టూ సందు పడుతుంది, ఆ సందులో మురికి చేరుతుంది. గరుకుగా అచ్చుపోసిన ప్లాస్టిక్ పిడిని మరిగే నీళ్ళతో కడిగేయొచ్చు. పెద్ద హోటళ్ళ వంటగదుల్లో పచ్చి మాంసానికి ఒక రంగు పిడి, చేపకు ఒకటి, కూరగాయలకు ఒకటి పెట్టుకుంటారు. కర్రతో ఆ సౌకర్యం కుదరదు. కర్ర అంటేనే రోగాల పుట్ట అనడం కూడా తొందరపాటే. 1990ల్లో అమెరికాలో డీన్ క్లివర్ బృందం కూరగాయలు తరిగే పలకల మీద చేసిన పరీక్షల్లో చెక్కలోకి ఇంకిన సూక్ష్మజీవులు క్రమంగా చచ్చాయి, కత్తి గాట్లు పడిన ప్లాస్టిక్ పలకను శుభ్రం చేయడమే కష్టమైంది. అయితే అది పలక సంగతి. సందులున్న పిడి విషయంలో నేను మటన్ కొట్టే భాయ్ మాటే నమ్ముతాను.

మంగలి కత్తి కథ ఇంకో దారి. పూర్వం ఒకే కత్తిని తోలు మీద సానబట్టి ఊరందరికీ గీసేవారు. ఎయిడ్స్ భయం వచ్చాక ఆ కత్తి పక్కకు పోయి, బ్లేడు ముక్క మార్చే కత్తి వచ్చింది. అక్కడ పిడి శాశ్వతం, అంచు ఒక్క గడ్డానికే. నేను చెప్తున్న సూత్రం అక్కడ తిరగబడినా చెడలేదు. అరిగేది ఏదైతే అది ఊడి రావాలి, అంతే.

ఇక పొలంలోకి వద్దాం. గొడవంతా అక్కడే.

చెరుకు నరికే మనిషి పొద్దున మంచులో మొదలుపెడతాడు. పక్కనున్న కోహీర్ చలికాలంలో తెలంగాణలోనే అతి తక్కువ ఉష్ణోగ్రతలతో వార్తల్లోకి వస్తుంటుంది. ఆ చలిలో ఇనుప గొట్టం పిడి పట్టుకుంటే వేళ్ళు కొంకర్లు పోతాయి. మధ్యాహ్నానికి అదే గొట్టం గెట్టు మీద ఎండకు కాలి చెయ్యి పెట్టనివ్వదు. కర్రకు ఈ రెండు గుణాలూ లేవు, అది వేడినీ చలినీ మెల్లగా తీసుకుంటుంది. పైగా గొట్టంలో ఏముంది, గాలి. గడకు దెబ్బ తగిలినప్పుడల్లా ఆ అదురంతా మణికట్టులోకి వస్తుంది. వెల్డింగ్‌తో ఇంకో ప్రమాదం ఉంది. స్ప్రింగు ఉక్కును అలా ఉన్నపళంగా వెల్డింగ్ చేస్తే అతుకు పక్కన పెళుసవుతుంది. కత్తి అక్కడే విరుగుతుంది, విరిగిన ముక్క ఎటు ఎగురుతుందో చెప్పలేం. చెరుకు తోటలో మనుషులు వరసగా, దగ్గర దగ్గరగా నిలబడి నరుకుతారు.

పీవీసీ పైపు సంగతి చూద్దాం. చెరుకు రసం, చెమట కలిస్తే దాని నున్నటి ఒంటి మీద చెయ్యి జారుతుంది. అందుకే దానిమీద సైకిల్ ట్యూబు పట్టీ చుడతారు. రెండు వారాల్లో ట్యూబు సాగుతుంది, మళ్ళీ చుడతారు. ఎండలో నెలల తరబడి ఉంటే చవక ప్లాస్టిక్ పైన సున్నం రాలినట్టు రాలి, పగుళ్ళు తీస్తుంది. అన్నిటికన్నా ముఖ్యంగా ఒక మాట, ఇంట్లో రాసుకోండి. పాత అలవాటు కొద్దీ తోకను ఎర్రగా కాల్చి పీవీసీ పైపులోకి గుచ్చొద్దు. అలా కాలిన పీవీసీ నుంచి వచ్చే పొగలో ఆమ్లపు ఆవిరి ఉంటుంది. గొంతు, కళ్ళు మండేది దానివల్లే. కర్ర కాలిన పొగ లాంటిది కాదది. మూసిన కొట్టంలో పిల్లల మధ్య చేసే పని అసలే కాదు.

ఈ లోపాలన్నీ ఓర్చుకోవచ్చు, కొన్నింటికి విరుగుడూ ఉంది. నాకు మింగుడుపడనిది అచ్చులో పోసిన పిడి. ఉక్కు తోక చుట్టూ ప్లాస్టిక్ కరిగించి పోస్తారు. పిడి పగిలితే తీయడానికి వీల్లేదు, పదునున్న కత్తి కూడా తుక్కులోకే. కర్ర పిడి పోతే ఒక పూట పని. ఇది పోతే కత్తే పోయింది. జపాన్ వంటవాళ్ళను చూడండి. వాళ్ళ చేపల కత్తులు ఖరీదైనవి, ఏళ్ళ తరబడి వాడేవి. పిడి మాత్రం తేలికైన మాగ్నోలియా కర్ర, మూతికి గేదె కొమ్ము పొన్ను, తోకను కాల్చి దించిందే. నల్లబడితే తీసేసి కొత్తది వేస్తారు. రోబోలు చేసే దేశం వాళ్ళు పిడి విషయంలో మన వడ్లాయన చేసిందే చేస్తున్నారు.

పిడి లావు గురించి కూడా ఒక మాట. కోత కోసేది ఎక్కువగా ఆడవాళ్ళు. సంతలో కొడవలి పిడి ఏ చేతికి సరిపోయేలా చేస్తున్నారు? అచ్చుకు అందరి చెయ్యీ ఒకటే. భోపాల్‌లోని కేంద్ర వ్యవసాయ ఇంజనీరింగ్ సంస్థ నవీన్ అనే కొడవలిని తయారు చేసింది, వైభవ్ అనే ఇంకో కొడవలి కూడా వచ్చింది. రెండింటికీ రంపపు పళ్ళ అంచు. నవీన్‌లో పిడి మలుపు మీద ప్రత్యేకంగా శ్రద్ధ పెట్టారు, వేళ్ళు నేలకు గీసుకోకుండా. మనకు ఇక్కడే అడగదగ్గ చోటు ఒకటుంది. మాచ్‌నూరులో 2008 అక్టోబరు 15 నుంచి సంఘం రేడియో నడుస్తోంది, కోత కోసే దళిత మహిళలే నడుపుతున్నారు. పస్తాపూర్ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ వాళ్ళ పాత పంటల జాతరలో ఎడ్లబండ్ల మీద విత్తనాలు ఊరూరా తిరుగుతాయి. ఆ వరసలో ఒక బండిని పనిముట్లకు వదిలి, ఏ పిడి ఏ చేతికి పనికొస్తుందో ఆ ఆడవాళ్ళనే పట్టి చూసి చెప్పమంటే, మనకు కావలసిన పరిశోధనలో సగం అయిపోతుంది. ఇది నా కోరిక మాత్రమే.

మరి కర్ర ఎక్కడుంది అంటారా? తుమ్మ చేవ ఇప్పుడు దొరకడం కష్టం, నిజమే. టేకు నీటికి ఆగుతుంది కానీ దెబ్బకు పెచ్చులేస్తుంది. నీలగిరి ఆరేటప్పుడు మెలి తిరిగి పగులుతుంది. నేను చెప్పే కర్రను మీరు రోజూ తిట్టుకుంటూనే ఉంటారు. సర్కారు తుమ్మ. 1877లో జమైకా నుంచి తెప్పించిన విత్తనాలు కడప జిల్లా కమలాపురంలో వేశారు. అక్కడ మొదలై చెరువు శిఖాలు, బీళ్ళు అన్నీ ఆక్రమించింది. పశువులకు ముల్లు, మనకు తలనొప్పి. కొట్టి బొగ్గు చేస్తున్నారు. అయితే దాని చేవకు ఒక గొప్ప గుణం ఉంది. తడికి ఉబ్బడం, ఎండకు కుదించుకుపోవడం చాలా తక్కువ. మామూలు కర్ర పిడి ఎండాకాలంలో వదులైతే రాత్రి నీళ్ళలో నానబెట్టి బిగిస్తాం కదా, దీనికి ఆ అవసరం అంతగా రాదు. దీని దగ్గరి బంధువు మెస్కీట్ కర్రతో అమెరికాలో టెక్సాస్ కత్తుల తయారీదార్లు ముచ్చటపడి పిడులు వేస్తారు. కాండం వంకరగా, సన్నగా ఉంటుంది, దూలానికి పనికిరాదు. పిడికి కావలసింది జానెడే.

పని పద్ధతి చెప్పి ముగిస్తాను. ముంజేతి లావుకు తగ్గని కొమ్మ తీసుకోండి. జానెడున్నర ముక్కలుగా కోసి నిలువునా చీల్చండి. నడిమి బెండు తీసేయండి, పైనున్న తెల్ల చెక్క వదిలేయండి, దానికి పుచ్చు పడుతుంది. ఎర్రగా ఉన్న చేవ మాత్రమే ఉంచుకోండి. రెండు కొసలకు మైనమో, మిగిలిన రంగో పూసి నీడన నాలుగైదు నెలలు పెట్టండి. ఎండలో పెడితే నెర్రెలిస్తుంది. పొన్నుకు ఇనుప పైపు నుంచి వేలెడు వెడల్పు ముక్క కోసుకోండి. పైపుకు సరైన ఉద్యోగం ఇదే. తోకను కాల్చేటప్పుడు అంచు వైపు తడిగుడ్డ చుట్టండి, లేకపోతే పదును దిగిపోతుంది. లక్క దొరక్కపోతే రెండు గొట్టాల్లో వచ్చే ఎపాక్సీ జిగురు వాడండి, తప్పేం లేదు. గట్టిగా వేడి చేస్తే అదీ వదులుతుంది, రేపు పిడి మార్చుకోవచ్చు. చివరికి నూనె. వేరుశనగ నూనె, ఆముదం పూయకండి, అవి ఆరవు, చేతికి జిడ్డు. అవిసె నూనె గానీ కుసుమ నూనె గానీ పల్చగా పూసి గుడ్డతో తుడిచేయండి. రెండూ మన మెట్ట చేలలో పండే గింజలవే, గాలికి ఆరి పొరగా నిలుస్తాయి. నూనె తుడిచిన గుడ్డను ఉండచుట్టి మూలన పడేయొద్దు. అవిసె నూనె గుడ్డ తనంతట తానే అంటుకోగలదు, విప్పి ఆరేయండి. దీపావళి దాటాక కోసిన కర్ర ఉగాదికల్లా పిడికి సిద్ధమవుతుంది. వచ్చే చెరుకు కోతకు ఇంకా బోలెడు వ్యవధి.